రోడ్డుకు అవతల యాదలక్ష్మి

యాదలక్ష్మి గురించి చెప్పడానికి మా రోడ్డు మీద నాకంటే తగినవాళ్ళు లేరు. ఆమె మొగుడు సాయిలుకి కూడా ఆమె సంగతులు నాకు తెలిసినన్ని తెలియవు. ఇష్టపడేవాళ్ళు మనిషిని అప్పుడప్పుడు చూస్తారు. ఓర్వలేనివాళ్ళు కిటికీ రెక్క తీసిన ప్రతిసారీ చూస్తారు. నేను రెండో రకం. నా పేరు నాగేశ్వరి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు నుంచి సరూర్‌నగర్ వైపు తిరిగే రోడ్డులో మూడంతస్తుల కాంప్లెక్స్ మాది. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న రెండంతస్తుల బిల్డింగు ఆమెది.

భీమవరం పక్క పల్లెనుంచి నేను కాపురానికి వచ్చింది ఎనభై తొమ్మిదిలో. మా ఆయన పట్టాభికి ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. అప్పుడు ఇదే రోడ్డులో రెండు గదుల కిరాయి ఇల్లు మాది. ఎదురుగా రేకుల కొట్టం, అందులో తొమ్మిది బర్రెలు, వాటి మధ్య యాదలక్ష్మి. నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్నది. తెల్లారకముందే క్యాను చంకన పెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి "అక్కా, పాలు" అనేది. పాలు పల్చగా ఉన్నాయని నేను రోజూ సణిగేదాన్ని. "వానకాలం పచ్చగడ్డి తింటే పాలు గట్లనే ఉంటయక్కా" అని నవ్వి, కొలత మీద ఇంకాస్త కొసరు పోసి వెళ్ళేది. ఆ రోజుల్లో నాకు ఆమె మీద ఏ అసూయా లేదు. గుమ్మంలో నిలబడ్డ మనిషి మీద గుమ్మం లోపలి మనిషికి అసూయ ఎందుకుంటుంది?

తొంభై ఆరులో మా ఆయన ఊళ్ళో తన వాటా పొలం అమ్మి ఇక్కడ స్థలం కొన్నారు. ఎక్కడ దొరికిందంటే, ఆ బర్రెల కొట్టం ఎదురుగానే. మేం పునాదులు తవ్విన ఏడాదే వాళ్ళూ కొట్టం పీకేసి బిల్డింగు మొదలుపెట్టారు. నా ప్లానుకి అనుమతి కాగితం ఉంది, గోడకి తగిలించిన నక్షా ఉంది, వాస్తు చూసిన సిద్ధాంతి ఉన్నాడు. వాళ్ళకి సాయిలు నోటిలెక్క ఉంది. రెండూ ఒకే దసరాకి పూర్తయ్యాయి. పాలమ్మే మనిషీ నేనూ ఒకే రోజు బిల్డింగు యజమానులమయ్యాం. ఆ రోజు నుంచి మొదలైంది నా కడుపుమంట.

పైగా ఆమె మారలేదు. కింద నాలుగు షాపులు కిరాయికిచ్చి, బిల్డింగు ముందు మూలన ఒక పాల డబ్బా కట్టుకుని, దాంట్లోనే కూర్చునేది. వచ్చేపోయేవాళ్ళంతా ఆ డబ్బా దగ్గర ఆగేవాళ్ళు. ఆటోవాళ్ళు, కోచింగుకొచ్చే పిల్లలు, చీరల షాపులో పనిచేసే ఆడపిల్లలు, అందరూ. నా కాంప్లెక్స్ ముందు పాలరాయి వేయించిన ఆరడుగుల వరండా ఉంది. దాని మీద ఒక్కళ్ళూ ఆగేవాళ్ళు కాదు. ఆగితే వాచ్‌మన్ తరిమేవాడు, ఆ మాట కూడా ఒప్పుకోవాలి.

నాకున్న గొప్ప ఒక్కటే, నా చేతిరాత. బి.కాం. చదివాను. అక్షరాలు అచ్చులో పోసినట్టు రాస్తాను. మా రోడ్డులో ఇరవై ఆరుమంది యజమానులు కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు అర్జీలన్నీ రాసే పని నాకే వచ్చింది. డ్రైనేజీ పొంగినా, దీపాలు వెలగకపోయినా, చెత్తకుండీ జరపాలన్నా తెల్ల కాగితం నా ముందుకే వచ్చేది. ఎడమ పక్కన రెండు వేళ్ళ మార్జిను, "విషయము", "సూచిక", కింద "జతపరచినవి", అన్నీ పద్ధతిగా ఉండేవి. సర్కిల్ ఆఫీసులో టౌన్ ప్లానింగ్ చూసే రామమోహనరావుగారు ఒకసారి మా ఇంట్లో కాఫీ తాగుతూ "ఈ రాత చూస్తే ఫైలు తెరవబుద్ధి అవుతుందమ్మా" అన్నారు. ఆ మాటని నేను చాలా ఏళ్ళు నెమరేసుకున్నాను. ఆఫీసర్లు ఈ రోడ్డుకొస్తే బండి ఆపేది మా వైపే. కాఫీ మా ఇంట్లోనే. యాదలక్ష్మి డబ్బాలోంచి చూస్తూ ఉండేది. చూడాలనే నేను కర్టెన్ తీసి ఉంచేదాన్ని.

రెండువేల తొమ్మిదిలో కార్పొరేషన్ ఎన్నికలు వచ్చాయి. వార్డు మహిళలకి రావచ్చని అన్నారు. చెబితే నవ్వుతారు గానీ, నేను మలక్‌పేట వెళ్ళి స్టూడియోలో పట్టుచీరతో ఫోటో తీయించుకున్నాను. పోస్టరుకి పనికొచ్చేలా, రెండు చేతులూ జోడించి. అది చూసి మా ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"నాగేశ్వరీ, నీకసలు ఇక్కడ ఓటే లేదు కదా."

నిజమే. మా ఓట్లు భీమవరం పక్క పల్లెలోనే ఉన్నాయి. ఇరవై ఏళ్ళయినా మార్పించుకోలేదు. మావాళ్ళలో సగం మంది అంతే. ప్రతి ఎన్నికకీ రైలెక్కి వెళ్ళి వేసి రావడమే మాకు గొప్ప. ఆ గొప్ప ఆ రోజు నా కాళ్ళకి అడ్డం పడింది. ఎలాగూ నాలుగు రోజుల్లో వార్డు బీసీ మహిళకని తేలిపోయింది. ఫోటో బీరువాలో పడేశాను.

యజమానుల మీటింగు మా సెల్లారులోనే పెట్టారు. మన రోడ్డు నుంచే ఒక మనిషి గెలిస్తే ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పుతుందని అందరి ఆలోచన. ఎవరో యాదలక్ష్మి పేరు అన్నారు. ఇంక రెండో పేరే రాలేదు. ఆ మినిట్స్ రాసింది నేను. నామినేషన్ పత్రాలు నింపింది నేను. ఇంటింటికీ పంచిన కరపత్రంలో "పాలలాంటి మనసున్న మీ ఆడపడుచు" అని రాసిందీ నేనే. ఆ వాక్యం రాసిన రోజు అన్నం సహించలేదు.

ఆమె ప్రచారానికి మా గుమ్మంలోకి కూడా వచ్చింది, వెంట యాభై మందితో.

"అక్కా, జర నీ ఓటు నాకు."

"మా ఓట్లు ఊళ్ళో ఉన్నాయి యాదలక్ష్మీ" అన్నాను, ముఖం అటు తిప్పుకుని.

"అయితే ఏమాయె. కరపత్రం నువ్వు రాసినవ్ గద, గదే నా ఓటు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్ళు మండింది. నాలుగో తరగతి చదివిన మనిషికి అంత చప్పున మాట ఎలా తడుతుంది? గెలిచింది కూడా, మంచి మెజారిటీతో.

ఆమె గెలిచి వారం తిరక్కుండానే తెలంగాణ ఉద్యమం భగ్గుమంది. ఆ తర్వాత రెండేళ్ళు మా రోడ్డులో బందు లేని నెల లేదు. ఊరేగింపు వస్తుందంటే మావాళ్ళంతా షట్టర్లు దించి లోపల కూర్చునేవాళ్ళు. ఒకరోజు కుర్రాళ్ళ గుంపొకటి మా కాంప్లెక్స్ అద్దాల ముందు ఆగింది. ఒకడి చేతిలో రాయి ఉంది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. యాదలక్ష్మి పాల డబ్బాలోంచి లేచి, కొంగు నడుముకి దోపుకుని, రోడ్డు దాటి వచ్చింది.

"ఏందిరా, ఏం చేస్తుర్రు? గీ బిల్డింగు మనోళ్ళదే. పోర్రి, ముందుకు పోర్రి."

వాళ్ళు వెళ్ళిపోయారు. అద్దాలు నిలిచాయి. మనిషన్న దాన్ని నేను ఆ పూట ఆమెకి దణ్ణం పెట్టాలి. కానీ నా మనసులో తిరిగింది వేరే మాట. ఇరవై ఏళ్ళు కష్టపడి కట్టుకున్న నా బిల్డింగుకి, ఇది మావాళ్ళదేనని చెప్పడానికి ఈవిడ కావలసి వచ్చిందా అని.

అంతకంటే మండించింది ఆఫీసర్లు. జీపు ఇప్పుడు అటువైపు ఆగేది. రామమోహనరావుగారు పాల డబ్బా ముందు ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని టీ తాగేవారు. నన్ను చూసి తల ఊపేవారు, అంతే. అర్జీలు ఇంకా నేనే రాస్తున్నాను, కానీ కింద ఆమె సంతకం. నా అక్షరాలు ఆమె పేరు మీద ఆఫీసుకి వెళ్ళొస్తున్నాయి.

రెండువేల పదకొండు మే నెలలో ఎర్ర రంగు వచ్చింది. రోడ్డు వెడల్పు చేస్తారట, మొత్తం పన్నెండు అడుగులు కావాలట. సర్కిల్ ఆఫీసులో కొలతల టేపు పట్టే గోపయ్య రంగు డబ్బా, బ్రష్షు పట్టుకుని వచ్చి మా గోడ మీద ఒక బాణం గుర్తు వేసి, పక్కన తొమ్మిది అని అంకె వేశాడు. రోడ్డు దాటి వెళ్ళి యాదలక్ష్మి గోడ మీద మూడు అని వేశాడు.

"ఇదేంటి గోపయ్యా, నా వైపు తొమ్మిది, అటు మూడేనా?" అన్నాను.

"లైను సక్కగ గీస్తే గట్లనే ఒచ్చిందమ్మా. రోడ్డు జర వంకర ఉంది ఈడ" అన్నాడు.

తొమ్మిది అడుగులంటే ఏమిటో చెప్పాలి. మా కాంప్లెక్స్‌లో ముందు ఆరడుగులు వరండా. అది దాటగానే పైకి మెట్లు. ఆరడుగులు పోతే పాలరాయి పోతుంది, ఏడ్చి ఊరుకోవచ్చు. తొమ్మిది పోతే మెట్లు పోతాయి. మెట్లు పోతే పైన రెండంతస్తులు లేనట్టే. అక్కడ బ్యాంకు పరీక్షలకి కోచింగు ఇచ్చే ఇన్‌స్టిట్యూట్ పద్నాలుగేళ్ళుగా ఉంది. ఆ మెట్లు నిలబడితే మేం నిలబడతాం, లేకపోతే లేదు. మా ఆయన రిటైరై రెండేళ్ళయింది.

అర్జీ రాశాను. చెరిసగం ఆరడుగులు తీసుకోమని, లైను మార్చమని. యాదలక్ష్మికి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

"రంది పెట్టుకోకక్కా, నేను చూస్త."

చూస్తుందా? తన వైపు మూడు ఉన్నదాన్ని ఆరు చేసుకునేవాళ్ళు ఎవరైనా ఉంటారా? ఆరు చేస్తే ఆమె పాల డబ్బా పోతుంది. ఆ డబ్బా లేని యాదలక్ష్మిని నేను ఊహించుకోలేకపోయాను. కాబట్టి చూడదు అని తీర్మానించేసుకున్నాను.

జూన్‌లో ఉద్యమం వాళ్ళు వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండి, అక్కడే తినడం. మా రెండు బిల్డింగుల మధ్య ఏడు పొయ్యిలు లేచాయి. యాదలక్ష్మి గరిట పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ ఉంటే రోడ్డంతా ఆమె వంటిల్లే అనిపించింది. "నాగేశ్వరక్కా, బయటికి రా, ఉల్లిగడ్డలు కోద్దువు" అని రోడ్డు మీంచి కేకేసింది. తలనొప్పి అని చెప్పి కిటికీ వేసేసుకున్నాను. వేసుకున్నాక రెక్క సందులోంచి సాయంత్రం దాకా చూశాను. కాసేపటికి రామమోహనరావుగారు వచ్చి, విస్తరిలో పులిహోర తింటూ ఆమెతో ఏదో మాట్లాడారు. ఇద్దరూ మా గోడ వైపు చూశారు. ఆ చూపు నాకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆగస్టులో మూడు విషయాలు జరిగాయి. వాటిని నేను నా కళ్ళతో చూశాను, చూసి తప్పుగా కలుపుకున్నాను. మొదటిది, గోపయ్య మళ్ళీ వచ్చాడు. రామమోహనరావుగారు పక్కన నిలబడగా యాదలక్ష్మి వైపు మాత్రమే టేపు పట్టి కొలిచాడు. మా వైపు రాలేదు. రెండోది, యాదలక్ష్మి కూతురు శ్రీకళ, డిగ్రీ చదువుతోంది, డబ్బాలో కూర్చుని ఒక కాగితం రాసింది, తల్లి సంతకం పెట్టింది. ఇన్నేళ్ళలో యాదలక్ష్మి సంతకం పెట్టే కాగితం నేను కాకుండా ఇంకొకళ్ళు రాయడం అదే మొదలు. మూడోది, తల్లీకూతుళ్ళిద్దరూ ఆ కాగితంతో జీపెక్కి వెళ్ళారు.

"ఏంటమ్మా, ఏదో రాశావట?" అని శ్రీకళని మర్నాడు అడిగాను.

"ఏం లేదాంటీ, ఊరికెనే" అని తలొంచుకుంది.

ఇంకేం కావాలి నాకు? ఆ మూడు అడుగులు కూడా లేకుండా చేయించుకుంటోంది, అందుకే నాకు తెలియనివ్వడం లేదు, ఇక నా వైపు పన్నెండూ తీస్తారు అనుకున్నాను. అనుకోవడం కాదు, నమ్మేశాను. నిజం చెప్పాలంటే నమ్మడానికి తొందరపడ్డాను. ఆమె చెడ్డది అని ఒక్క రుజువు కోసం ఎన్నేళ్ళుగానో కాచుకుని ఉన్నాను. దొరికిందనిపించగానే లోపల ఒక రకమైన సంతోషం కూడా కలిగింది.

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు లేవు, బడులు తెరవలేదు, సర్కిల్ ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. ఏ ఫైలూ కదలడం లేదన్నారు. ఆ తీరిక రోజుల్లో కూర్చుని కమిషనర్‌కి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. కార్పొరేటర్ తన పదవిని అడ్డం పెట్టుకుని తన బిల్డింగు కాపాడుకుంటోందని, టౌన్ ప్లానింగ్ వాళ్ళతో కలిసి లైను మార్పిస్తోందని, విచారణ జరపాలని.

నా రాత గుర్తుపడతారని తెలుసు. అందుకని మొదట ఎడంచేత్తో రాశాను. అక్షరాలు వంకర్లు తిరిగి, ఒక ఒత్తు ఎక్కడో పడి, చూడ్డానికి అసహ్యంగా వచ్చింది. రెండోసారి రాశాను, అదీ అంతే. అలాంటి కాగితం కమిషనర్ టేబుల్ మీదకి వెళ్ళడం నాకు చిన్నతనంగా తోచింది. ఎవరు రాశారో తెలియని ఉత్తరానికి చిన్నతనమేమిటని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. అవి చింపేసి, కుడిచేత్తో, కొంచెం పక్కకి వాల్చి రాశాను. వాల్చితే చాలనుకున్నాను. మార్జిను పెట్టాను. "విషయము" రాశాను. కింద "జతపరచినవి: నక్షా ఒకటి" అని కూడా రాసి, నక్షా గీసి పెట్టాను. ఆటోలో నాగోల్ దాకా వెళ్ళి అక్కడి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. ఇంటికొచ్చి ఆ పూట కడుపునిండా భోంచేశాను.

సమ్మె అయిపోయి ఆఫీసులు తెరుచుకున్న రెండో వారం, మధ్యాహ్నం పూట, యాదలక్ష్మి మా ఇంటికి వచ్చింది. ఒక్కతే వచ్చింది. చేతిలో కవరు.

"అక్కా, జర గీ కాయితం సదివి పెట్టు. అచ్చు అచ్చరాలైతే కూడబలుక్కుంట గని, చేతిరాత నాకు రాదు."

కవరులోంచి మడత విప్పితే నా ఉత్తరం. మార్జినుతో సహా. పైన కమిషనర్ ఆఫీసు ముద్ర, సర్కిల్ ఆఫీసుకి పంపిన నంబరు.

"శ్రీకళ చదవలేదా?" అన్నాను.

"పోరి కాలేజీకి పోయింది. నువ్వే సదువు."

చదివాను. ఏం చేయను మరి? నేను రాసిన ప్రతి మాటా నా నోటితోనే ఆమెకి వినిపించాను. "పదవీ దురహంకారంతో" అన్న చోట నాలుక తడబడింది. "చదువు సంధ్యలు లేని వ్యక్తి చేతిలో అధికారం" అన్న చోట ఆగిపోయాను. ఆమె నేల వైపు చూస్తూ "ఊఁ, సదువక్కా" అంది. చివరిదాకా చదివించింది. చదవడం అయ్యేసరికి వంటింట్లో కుక్కరు కూసింది. ఆమే లేచి వెళ్ళి కట్టేసి వచ్చింది.

అప్పుడు చెప్పింది. నేనిచ్చిన అర్జీ పట్టుకుని ఆమె మే నుంచి తిరుగుతూనే ఉందట. లైను మార్చాలంటే అవతలివాళ్ళు ఎక్కువ స్థలం ఇస్తామని ఒప్పుకోవాలని రామమోహనరావుగారు అన్నారట. బిల్డింగు ఆమె పేరు మీదే ఉంది. ఆగస్టులో కొలిపించింది అందుకే. తన వైపు మూడు కాదు, ఆరు తీసుకోమని రాసిచ్చింది. శ్రీకళ రాసిన కాగితం అదే.

"నీతోని రాయిద్దామనుకున్న. గని నువ్వు పట్టాభన్నకు చెప్తవ్, అన్న మా సాయిలుకు చెప్తడు. సాయిలుకు తెలిస్తే డబ్బా పోతదని సంతకం పెట్టనీయడు. గందుకే పోరితోని రాయిచ్చిన."

ఆ ఫైలు మీద ఆఫీసరు సంతకం కావలసిన రోజుకి సమ్మె వచ్చింది. సమ్మె పోయేసరికి నా ఉత్తరం వచ్చింది. కార్పొరేటర్ లైను మార్పిస్తోందని ఫిర్యాదు ఉన్నాక ఆ లైను మార్చే ఫైలుని ఏ ఆఫీసరు ముట్టుకుంటాడు? రామమోహనరావుగారు ఆమెకి అదే చెప్పి, ఉత్తరం చేతిలో పెట్టారట. రాసినవాళ్ళెవరో వచ్చి, పేరు పెట్టి, పొరపాటున రాశామని కాగితం ఇస్తేనే ఫైలు కదులుతుందని. పది రోజుల గడువు. లేదంటే మొదట వేసిన గుర్తులే ఖాయం.

"గోపయ్య గీ కాయితం చూసి, గీ రాత నాకు ఎరుకే అన్నడు" అంది యాదలక్ష్మి. "నోరు మూసుకో అన్న. పది దినాలున్నయక్కా." ఉత్తరం టేబుల్ మీదే వదిలేసి, పమిట సర్దుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అరవలేదు. ఎందుకు రాశావని అడగలేదు.

పది రోజులు. ఒక్క కాగితం, నాలుగు వాక్యాలు, కింద నా పేరు. మెట్లు నిలబడతాయి. రోజూ తెల్ల కాగితం తీసి, మార్జిను గీసి, "విషయము" అని రాసి కూర్చునేదాన్ని. ఆఫీసంతా నా ముఖం చూసి నవ్వుతుందన్న సిగ్గు ఉన్న మాట నిజం. మా ఆయనకి ఏం చెప్పాలన్న భయం ఉన్న మాటా నిజం. కానీ నన్ను ఆపింది అవి కావు. ఆ మెట్లు నిలబడితే ఆమె దయతో నిలబడతాయి. పొద్దున లేచి వాటిని కడిగిస్తే ఆమె ఇచ్చిన మూడు అడుగులు కడిగించినట్టు. ఎదురుగా డబ్బా లేని గోడ రోజూ కనిపిస్తుంది. ఆ బరువు నేను మొయ్యలేననిపించింది. మెట్లు పోవడం మొయ్యగలననిపించింది. అసూయ మనిషిచేత ఎలాంటి బేరాలు ఆడిస్తుందో నాకు ఆ పది రోజుల్లో తెలిసింది. పదకొండో రోజు ఆ కాగితాలన్నీ పొయ్యిలో పెట్టాను.

జనవరిలో కూలగొట్టే మిషన్లు వచ్చాయి. యాదలక్ష్మి వాటిని రెండు గంటలు ఆపించి, ఇన్‌స్టిట్యూట్ బెంచీలు, బోర్డులు కిందికి దింపించింది. బెంచీలు మోసే కోచింగు పిల్లలకి తానే అడ్డం నిలబడి "మెల్లగ, మెల్లగ" అని చెప్పింది. తర్వాత మెట్లు ఒక్కొక్కటీ విరిగిపడ్డాయి. మా ఆయన రోడ్డు అవతల, పాల డబ్బా ముందు స్టూలు మీద కూర్చుని చూశారు. ఆమె ఆయన చేతిలో టీ గ్లాసు పెట్టింది. "ఎవడో పాపాత్ముడు ఉత్తరం రాశాడటమ్మా" అని ఆయన అంటుంటే వెనకే నిలబడ్డ నాకు వినపడింది. ఆమె "పోనీలే అన్నా" అంది.

సాయంత్రం, దుమ్ము ఇంకా అణగకముందే, ఆమె నా దగ్గరికి వచ్చింది. మా బిల్డింగు వెనక సందులోంచి కొత్తగా మెట్లు కట్టుకోవచ్చట, కార్పొరేటర్ సిఫారసు లేఖ ఉంటే అనుమతి త్వరగా వస్తుందట. కార్పొరేటర్ పేరున్న కాగితం ఒకటి నా ముందు పెట్టింది. పైన ఆమె పేరు అచ్చులో ఉంది. కింద సంతకం ఉంది. మధ్యలో అంతా ఖాళీ.

"ఏం కావాల్నో నువ్వే రాసుకో అక్కా."

"యాదలక్ష్మీ," అన్నాను, "దీని మీద నేను ఏమైనా రాయొచ్చు. నువ్వు రాజీనామా ఇచ్చావని కూడా రాయొచ్చు."

"రాసేది నువ్వే గద. ఇంకెవలు రాస్తరు నాకు?"

ఆ మాటలో ఎక్కడైనా ఎత్తిపొడుపు ఉందేమోనని ఆమె ముఖమంతా వెతికాను. కనుబొమల దగ్గర, పెదవి చివర, ఎక్కడైనా ఒక్క చిన్న ముల్లు దొరికితే చాలు, నేను కొంచెం ఊపిరి పీల్చుకునేదాన్ని. దొరకలేదు. మెట్లు వెనక నుంచి కట్టుకున్నాం, ఇన్‌స్టిట్యూట్ తిరిగొచ్చింది, ఆ సంగతి మా ఆయన మర్చిపోయారు కూడా. నాకు మాత్రం ఆ ముఖంలో ముల్లు దొరకకపోవడం ఒక్కటే ఈనాటికీ మింగుడు పడదు.